బదిలీ సామాన్లలో పాటల పెట్టె

“పాటలన్నీ ఫోన్లోనే ఉన్నాయి కదా, ఇంకా ఈ క్యాసెట్ల డబ్బా మోయడం ఎందుకు?” బదిలీ ఉత్తర్వు వచ్చిన ఇంట్లో ఈ మాట ఎవరో ఒకరు అనక మానరు. ద్వీపంలో ఉన్నవాళ్ళ ఇళ్ళల్లో అయితే మరీను. రంగత్ నుంచి సామాను కదలాలంటే లారీకి ఎక్కించాలి, మిడిల్ స్ట్రెయిట్ దగ్గర ఫెర్రీ దాటించాలి, శ్రీ విజయపురంలో, అంటే నిన్నటి పోర్ట్ బ్లెయిర్‌లో, ఓడకు అప్పగించాలి. మంచం అమ్మేద్దామా, బీరువా ఇచ్చేద్దామా అని లెక్కలు వేసుకునే వేళ పాత క్యాసెట్ల పక్షాన మాట్లాడేదెవరు?

మేము మాట్లాడతాం. అయితే ఆ డబ్బాలో ఏముందో తెలియాలంటే కొంచెం దూరం నుంచి మొదలుపెట్టాలి.

హ్యారీ పాటర్ సినిమాలు మీలో చాలామంది చూసే ఉంటారు. మొదటి మూడింటికి సంగీతం జాన్ విలియమ్స్. ఆ సినిమాలు వచ్చినప్పుడే వాటి ఆల్బమ్‌లూ వచ్చాయి. కానీ 2018లో లా-లా ల్యాండ్ రికార్డ్స్ అనే అమెరికా సంస్థ ఆ మూడు సినిమాల సంగీతాన్నే ఏడు డిస్కుల పెట్టెగా మళ్ళీ తెచ్చింది. కొత్తగా ఎవరూ ఏమీ వాయించలేదు. సినిమా కోసం అప్పుడే వాయించి, ఆల్బమ్‌లో చోటు చాలక పక్కన పెట్టినదంతా బయటికి తీశారు. 1977 నాటి ‘స్టార్ వార్స్’ కూడా అంతే. అప్పుడు రెండు గ్రామఫోన్ రికార్డుల ఆల్బమ్‌గా వచ్చిన సంగీతం, ఇరవై ఏళ్ళ తరువాత 1997లో మరింత పెద్దదై సీడీలుగా వచ్చింది. వీటిని విస్తృత ఆల్బమ్‌లు అంటారు. అసలు టేపును వెతికి తీసి, చప్పుళ్ళు తగ్గించి, స్వరాలు సరిచూసి ఇస్తే దాన్ని రీమాస్టర్ అంటారు. వీటిని పరిమిత సంఖ్యలో అచ్చువేస్తారు. కొనేవాళ్ళు కాచుకుని ఉంటారు. అయిపోయాయంటే మళ్ళీ దొరకవు.

ఇది డబ్బున్నవాళ్ళ సరదా అని మీరు అనవచ్చు. కొంతవరకు నిజమే. ‘ఈ.టీ.’ సినిమా సంగీతం 1982లో వచ్చింది, 1996లో పెద్దదై వచ్చింది, 2002లో మళ్ళీ వచ్చింది, 2017లో రెండు డిస్కులుగా ఇంకోసారి వచ్చింది. ఒకే సంగీతాన్ని నాలుగుసార్లు కొన్నవాడిని రసికుడనాలో అమాయకుడనాలో తెలియదు. అయినా ఆ పెట్టెలు తెరిచి చూస్తే ఒక సంగతి మమ్మల్ని ఆకట్టుకుంటుంది. ప్రతి పెట్టెలోనూ ఒక చిన్న పుస్తకం ఉంటుంది. ఏ ముక్క ఏ సన్నివేశానిది, ఎప్పుడు రికార్డు చేశారు, ఎవరు వాయించారు, ఏది ఎందుకు తీసేశారు, అన్నీ అందులో రాస్తారు. మా దృష్టిలో డిస్కుకంటే ఆ పుస్తకమే విలువైనది.

ఇప్పుడు మన సినిమాల సంగతికి వద్దాం. తెలుగులో ఇలాంటి పెట్టెలు ఎందుకు లేవు?

మనకు సినిమా సంగీతం అంటే పాట. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల రికార్డు ఒక వైపు మూడు నిమిషాలకు మించి పట్టేది కాదు. పాట పొడవైతే రెండు వైపులా పంచాలి, లేదంటే ఏదో ఒకచోట కత్తిరించాలి. తెరమీద ఉన్న ఆలాపన, మధ్యలో వచ్చే మాట, చివరి చరణం ఇలా రాలిపోయేవి. తరువాత ఒక్కో వైపు ఇరవై నిమిషాలు దాటి పట్టే పెద్ద రికార్డులు వచ్చినా మన అలవాటు మారలేదు. 1963లో వచ్చిన ‘లవకుశ’నే తీసుకోండి. మొదటి పూర్తి నిడివి తెలుగు రంగుల చిత్రం. ఘంటసాల సంగీతం. పాటలు, పద్యాలు కలిపి ముప్పైకి పైగా ఉన్నాయి. ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి చూడండి, నాలుగైదు పాటలు చెబుతారు. మిగతా పద్యాలను సినిమా చూసినవాళ్ళు విన్నారే తప్ప, రికార్డు కొన్నవాళ్ళందరికీ అవి చేరలేదు. తెలుగు చెప్పే మాకు ఆ పద్యాలే ముఖ్యం. సుశీల, లీల గొంతుల్లో పద్యం ఎక్కడ విరగాలో, యతి దగ్గర ఎలా నిలవాలో చెవికి తెలిసిపోతుంది. దాన్ని నల్లబల్ల మీద గురులఘువులు గీసి చెప్పడానికి మాకు వారం పడుతుంది.

పాటల సంగతి ఇలా ఉంటే నేపథ్య సంగీతం సంగతి మరీ ఘోరం. దానికి కారణం మన పరిశ్రమ పనిచేసే తీరులోనే ఉంది. మన దగ్గర పాటలు ముందు రికార్డు చేస్తారు. వాటిని చిత్రీకరిస్తారు. సినిమా విడుదలకు ముందే ఆడియో విడుదల చేస్తారు. నేపథ్య సంగీతం మాత్రం సినిమా కూర్పు అయిపోయాక, చిట్టచివర చేస్తారు. దాన్నే రీ-రికార్డింగ్ అంటారు. అంటే క్యాసెట్టు అంగట్లోకి వచ్చే సమయానికి ఆ సంగీతం ఇంకా పుట్టనే లేదు! పుట్టాక అది మాటలతో, అడుగుల చప్పుడుతో, తలుపుల చప్పుడుతో కలిసిపోయి సినిమాలో ఉండిపోయింది. విడిగా వాయించిన టేపులను దాచుకోవాలనే ఆలోచన అందరికీ రాలేదు. అందుకే ఇళయరాజా ‘గీతాంజలి’ (1989) పాటలు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి గానీ, అదే సినిమాలో మాటల వెనక నడిచే సంగీతం కావాలంటే సినిమా పెట్టుకోవలసిందే. అభిమానులు సినిమాలోంచి ముక్కలు కోసి ఫోన్ రింగుటోన్లు చేసుకుంటారు. వింటే మధ్యలో ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు ఉంటుంది.

జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో కూడా పాటలకూ నేపథ్య సంగీతానికీ వేరువేరుగా బహుమతులు ఇవ్వడం 2009 సినిమాల నుంచి స్థిరపడింది. ఆ ఏడాది నేపథ్య సంగీతానికి బహుమతి అందుకున్నది ఇళయరాజానే, ‘పళసి రాజా’ అనే మలయాళ చిత్రానికి. ఆ తరువాత మన వైపు కూడా కొంత కదలిక వచ్చింది. ‘బాహుబలి’కి కీరవాణి చేసిన నేపథ్య సంగీతాన్ని పాటలతో సంబంధం లేకుండా సంపుటాలుగా విడుదల చేశారు. ఇది మంచి మొదలు. కానీ పాత సినిమాల మాటేమిటి? తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932) ప్రింటే నేడు లేదు. దాని పాటలు తెరమీద ఎలా వినిపించాయో చెప్పగలవాళ్ళు ఎవరూ లేరు.

అయితే మనకు మరో రకం విస్తృత ఆల్బమ్ ఉండేది. దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవలేదు, అంతే. ఆకాశవాణిలో ‘సంక్షిప్త శబ్దచిత్రం’ అని వచ్చేది. ఒక సినిమా మొత్తాన్ని, బొమ్మ లేకుండా, మాటలు, పాటలు, నేపథ్య సంగీతంతో సహా గంటకు కుదించి వినిపించేవారు. మధ్యలో వ్యాఖ్యాత రెండు మాటల్లో కథ కలిపేవారు. టేప్ రికార్డరు ఉన్న ఇళ్ళల్లో ఖాళీ క్యాసెట్టు పెట్టి దాన్ని ఎక్కించుకునేవారు. అలాగే సినిమా మాటల క్యాసెట్లు విడిగా అమ్మేవారు. ‘దానవీరశూరకర్ణ’ (1977) మాటలు ఊరి పెళ్ళిళ్ళలో, జాతరల్లో మైకుల్లో మోగేవి. కొండవీటి వెంకటకవి రాసిన ఆ సంభాషణలను అక్షరం రాని వాళ్ళు కూడా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవారు. ప్రపంచంలో మరెవరైనా సినిమా మాటల్ని పాటల్లాగా పదేపదే విన్నారో లేదో గానీ, మనవాళ్ళు విన్నారు.

మీ ఇంటి డబ్బాలో ఇలాంటివే ఉండే అవకాశం ఎక్కువ. మేము పెట్టెను వదలవద్దంటున్నది అందుకే. అంగట్లో కొన్న పాటల క్యాసెట్టు పోతే ఆ పాట ఇంకోచోట దొరకవచ్చు. రేడియో నుంచి మీ తాతగారు ఎక్కించుకున్న శబ్దచిత్రం ఆ ఒక్క క్యాసెట్టులోనే ఉండవచ్చు.

దీనిలో మా స్వార్థమూ ఉంది. ఊళ్ళు మారుతూ తెలుగు చెప్పేవాళ్ళం మేము. 2011 జనాభా లెక్కల్లో ఈ ద్వీపాల్లో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు దాదాపు 13 శాతం. తక్కువేమీ కాదు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి తరతరాలుగా ఇక్కడే ఉన్నవాళ్ళ ఇళ్ళల్లో తెలుగు గట్టిగానే నిలిచింది. ఉద్యోగాల మీద మూడేళ్ళకో ఊరు తిరిగే మన ఇళ్ళల్లోనే అది పలచబడుతోంది. బడిలో హిందీ, రంగత్ బజారులో బెంగాలీ, ఇంట్లో అమ్మతో సగం తెలుగు. తరగతిలో ‘కళ’ చదవమంటే ‘కల’ అంటారు, ‘ణ’ కనబడితే ‘న’ అనేసి ముందుకు పోతారు. ఇది పిల్లల తప్పు కాదు, చెవిన పడని అక్షరం నోటికి ఎలా వస్తుంది? పెద్దన్న, పక్కింటి తాతగారు, గుడి దగ్గర పురాణం చెప్పే పంతులుగారు, వీళ్ళెవరూ మన వెంట ట్రాన్స్‌ఫర్ కారు. మన వెంట వచ్చేది ఈ శబ్దమే. ఒక విద్యార్థి ‘దుర్యోధనుడు’ అనే మాటను తడుముకోకుండా, ధకారం ఒత్తి పలికితే ఎక్కడ నేర్చుకున్నావని అడిగాం. “మా నాన్న కారులో ఎప్పుడూ అదే మోగుతుంది సార్” అన్నాడు. ఆ ఇంటి క్యాసెట్టుకు మేము రుణపడి ఉన్నాం.

సరే, ఫోన్ మాట. ఇది తేలిగ్గా తీసేయదగ్గ వాదన కాదు. చెన్నై నుంచి సముద్రం అడుగున ఇక్కడికి వేసిన ఆప్టికల్ కేబుల్‌ను 2020 ఆగస్టులో ప్రారంభించారు. సుమారు 2,300 కిలోమీటర్ల తీగ అది. దాని కొస ఒకటి మన రంగత్‌కే వచ్చింది. అంతకుముందు ఉపగ్రహం మీద ఆధారపడి, పాట ఒకటి తెరుచుకునేలోపు అన్నం తినేసి వచ్చే రోజులు ఇక్కడి పాతకాపులకు గుర్తే. ఇప్పుడు అడిగిన పాట క్షణంలో వస్తుంది. దీనికి సంతోషించకపోతే ఎలా?

కానీ వినడం వేరు, ఉండడం వేరు. హక్కుల ఒప్పందం ముగిస్తే నిన్న ఉన్న పాట ఇవాళ ఉండదు. మనకు చెప్పి తీయరు. ఇంకో ఇబ్బంది పేర్లది. పాట కింద గాయకుడి పేరు ఉంటుంది, నటుడి పేరు ఉంటుంది, చాలాసార్లు రాసిన కవి పేరు ఉండదు. ‘మాయాబజార్’ (1957) చూడండి. సంగీతం ఘంటసాల అని అందరికీ తెలుసు. కానీ మొదట సంగీతం చేయవలసినవారు సాలూరి రాజేశ్వరరావు. ఆయన నాలుగు పాటలకు బాణీలు కట్టి తప్పుకున్నారు. వాటికి వాద్యాలు కూర్చి రికార్డు చేసి, మిగిలినదంతా స్వయంగా చేసినవారు ఘంటసాల. మాటలూ పాటలూ పింగళి నాగేంద్రరావు. ఈ నాలుగు వాక్యాలు ఫోన్ తెరమీద ఎక్కడైనా కనిపిస్తాయేమో వెతకండి. విదేశీ పెట్టెలో ఉండే చిన్న పుస్తకం గురించి అందుకే చెప్పాం. మనకు అది ఎవరూ అచ్చువేసి ఇవ్వరు. మనమే రాసుకోవాలి.

రీమాస్టర్ అనే మాట గురించి కూడా కొంచెం జాగ్రత్తగా ఉండాలి. ఇప్పుడు ప్రతిదాని మీదా ఆ ముద్ర వేస్తున్నారు. అదే ‘మాయాబజార్’ను హైదరాబాద్‌కు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ రంగులు అద్ది, శబ్దాన్ని డీటీఎస్‌కు మార్చి 2010 జనవరిలో విడుదల చేసింది. రంగులు నచ్చనివాళ్ళు ఉన్నారు, నచ్చినవాళ్ళు ఉన్నారు. మేము రంగుల జోలికి పోము. శబ్దం విషయంలో మాత్రం మా అభిప్రాయం ఇది. పాత టేపులో ఉన్నదాన్ని మరింత స్పష్టంగా వినిపిస్తే అది రీమాస్టర్. పాత గొంతు వెనక కొత్త డ్రమ్ములు పెడితే అది వేరే సరుకు. పేరు మార్చి అమ్ముకోవచ్చు. ఇక చప్పుడు తీసేయడంలో కూడా అతి చేస్తారు. పాత టేపులో సన్నని ‘సు…’ శబ్దం ఉంటుంది. దాన్ని పూర్తిగా తుడిచేస్తే దానితోపాటే గాయని ఊపిరి, వీణ తీగ మోగి ఆగేటప్పటి చివరి నాదం కూడా పోతాయి. పాట నీళ్ళలో ముంచి తీసినట్టు ఉంటుంది. తేడా కనిపెట్టడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. మంచి ఇయర్‌ఫోన్ పెట్టుకుని చరణం ముగిసే చోట వినండి. వీణో సితారో మెల్లగా ఆగిందా, కత్తెర వేసినట్టు తెగిందా? తెగితే ఆ ప్రతిని పక్కన పెట్టి, కాస్త గరగరలాడే పాత ప్రతినే ఉంచుకోండి.

ఇంటి క్యాసెట్ల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. రేడియో నుంచి ఎక్కించిన దానిలో సినిమా ఒక్కటే ఉండదు. నర్తనశాల నడుస్తుండగా వెనక కుక్కర్ కూత ఉంటుంది. “పాలు పొంగుతున్నాయి చూడవే” అని ఎవరో కేక వేస్తారు. కరెంటు పోయి, వచ్చి, కథ నాలుగు నిమిషాలు ముందుకు దూకుతుంది. ఆ కేక వేసినావిడ మీ నాయనమ్మ కావచ్చు, ఆమె గొంతు మరెక్కడా లేకపోవచ్చు. కంప్యూటర్లో ఎక్కించాక ఆ చప్పుళ్ళను తీసేసే మీట ఒకటి కనబడుతుంది. దాన్ని నొక్కకండి.

ఎక్కించడం పెద్ద బ్రహ్మవిద్య ఏమీ కాదు. టేప్ రికార్డరు ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌కు ఒక తీగ కలపాలి. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. గంట క్యాసెట్టుకు గంట పడుతుంది, తొందరపెట్టి లాభం లేదు. ముందు వేవ్ ఫైలుగా దాచుకోండి. గంటకు సుమారు 600 ఎంబీ అవుతుంది. 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో వంద క్యాసెట్లు పడతాయి. బరువు గురించి దిగులు పడేవాళ్ళకు ఇంతకంటే మంచి జవాబు మా దగ్గర లేదు. అంతమాత్రాన అసలు క్యాసెట్లను వెంటనే పారేయకండి. రెండో ప్రతి ఒకటి వేరేచోట, ఊళ్ళో అమ్మమ్మ ఇంట్లోనో పిన్ని ఇంట్లోనో పెట్టేదాకా ఆగండి. ఇంట్లో వినడానికి ఒక ప్రతి చేసుకోవడం వేరు, దాన్ని ఊరంతా పంచిపెట్టడం వేరు. ఆ సంగీతానికి హక్కుదారులు ఉంటారని మరవద్దు.

ఇక్కడి వాన సంగతి మీకు తెలియనిది కాదు. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్లు. తోలు చెప్పు నెల రోజులు మూల పెడితే బూజు పట్టే ఊరిది. టేపుకూ పడుతుంది. క్యాసెట్టు కిటికీలోంచి చూస్తే చుట్ట అంచున తెల్లని పొడిలా కనిపిస్తే అది బూజే. అలాంటి దాన్ని నేరుగా టేప్ రికార్డరులో పెట్టకూడదు. పెడితే ఆ బూజు లోపలి హెడ్డుకు అంటుకుని తరువాత పెట్టిన ప్రతి క్యాసెట్టుకూ పాకుతుంది. బాగున్నవాటిని ముందు ఎక్కించి, బూజు పట్టినవాటిని విడిగా ఉంచాలి. గాలి చొరని డబ్బాలో, కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేసి, క్యాసెట్లను పుస్తకాల్లా నిలువుగా పెట్టండి. స్పీకర్ల దగ్గర పెట్టకండి, వాటిలో అయస్కాంతం ఉంటుంది.

ఇక పుస్తకం. ప్రతి క్యాసెట్టుకు ఒక కాగితం. సినిమా పేరు, సంవత్సరం, సంగీతం, రచన, గాయకులు. తెలిసినంత రాయండి, తెలియనిది ఖాళీ వదలండి. దాని కింద మీ ఇంటి సంగతి రాయండి. ఇది ఏ ఊళ్ళో కొన్నారు, ఎవరు ఎక్కించారు, అప్పుడు మీ నాన్నగారి పోస్టింగు ఎక్కడ? ఒక అమ్మాయి తెచ్చిన క్యాసెట్టు అట్ట మీద ‘శంకరాభరణం’ అని ఉంది. దాని కింద వాళ్ళ తాతగారి చేతిరాతతో ‘ఝాన్సీ క్వార్టర్స్, రెండో ప్రతి’ అని ఉంది. మొదటి ప్రతి ఎవరికి ఇచ్చారో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఫోన్ చేసి పెదనాన్నను అడిగితే ఆయన అరగంట మాట్లాడారట. ఆ అరగంటలో సగం క్యాసెట్టు గురించే కాదట. కాగితాలు తెలుగులోనే రాయాలి. ఒత్తులు తప్పు పోయినా ఫరవాలేదు, మేము దిద్దుతాం.

అన్నీ దాచమని మేము అనడం లేదు. ఒకే పాటల క్యాసెట్టు మూడు ఉంటే రెండు ఇచ్చేయండి. ఎవరూ వినని, ఎవరికీ ఏమీ గుర్తుకు రాని వాటిని మోసుకు తిరగడం కూలి దండగ. విని చూసి, ఏరి, పేరు రాసి ఉంచుకున్నది పది క్యాసెట్లే అయినా అది సేకరణే. ఏరడానికి మాత్రం ఒకసారి వినాలి, సామాన్లు కట్టే రాత్రి ఆ పని కాదు.

బదిలీల జాబితాలు వేసవికి వస్తాయి. అంతకు ముందు శనివారాల్లో, బడి ముగిశాక, తెలుగు తరగతి గదిలో టేప్ రికార్డరు, తీగ, కంప్యూటర్ సిద్ధంగా ఉంటాయి. ఒక్కొక్కరు రెండు క్యాసెట్లకు మించి తేవద్దు. తెచ్చేవి ముందుగా ఇంట్లో అడిగి తీసుకురండి, వాన పడుతుంటే ప్లాస్టిక్ సంచిలో చుట్టి తీసుకురండి. చుట్ట వదులైన క్యాసెట్టుకు తిప్పడానికి పెన్సిలు మీదే.